మైథిలి సైకిలు బూట్లు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఇది: నా ఇంట్లో మనిషికి ప్రాణం మీదికి వచ్చి ఉంటే, పక్కనే కూర్చుని కూడా నేను గుర్తుపట్టకపోవడం. గ్యాసు భయం, లిఫ్టు భయం, వీధికుక్కల భయం కూడా నాకు ఉన్నాయి. అవి వస్తాయి, పోతాయి. ఇది మాత్రం మా పాప ఇషిత పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి నాతో ఇంటికి వచ్చి ఉండిపోయింది. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. పాలు కక్కితే పరుగు, ఒంటి మీద దద్దురు కనిపిస్తే పరుగు. ఢిల్లీ పక్కన వైశాలిలో మా వీధి చివరి పిల్లల డాక్టరు నన్ను చూడగానే "ఆయియే, ఆజ్ క్యా హువా?" అని, ఇవాళ ఏమైందని, ముందే నవ్వేవాడు.

నాకు 'వన్ నాట్ ఎయిట్ వదిన' అని పేరు పెట్టింది మైథిలి, మా ఆయన క్రాంతికి ఒక్కగానొక్క చెల్లెలు. ఎంబీయే చదివి, సాకేత్‌లో ఒక కంపెనీలో చేస్తూ మా దగ్గరే ఉండేది. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్ద, వరసలో చిన్న. నేను మార్కాపురంలో ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం సగంలో పుస్తకాలు కట్టిపెట్టి పెళ్ళిపీటల మీద కూర్చున్నదాన్ని. ఇంటికి ఏ కాగితం వచ్చినా, ఏ ఫోన్ వచ్చినా అన్నాచెల్లెళ్ళే చూసుకునేవాళ్ళు. నన్ను చిన్నచూపు చూశారని కాదు. నన్ను అడగాల్సిన అవసరం వాళ్ళకి ఎప్పుడూ రాలేదు, అంతే.

పోయిన ఫిబ్రవరిలో మైథిలి ఆఫీసు దగ్గర స్పిన్ క్లాసులో చేరింది. చీకటి గది, రంగు లైట్లు, చెవులు పగిలే పాటలు. నలభై సైకిళ్ళు నేలకి బిగించి ఉంటాయి. ఎంత తొక్కినా ఎక్కడికీ పోవు.

"ఎక్కడికీ పోని సైకిలు తొక్కడానికి రెండు మెట్రోలు మారి పోతావా?" అని అడిగాను ఒకరోజు.

"అందుకే పోతా వదినా. ఆ ముప్పావుగంట నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఆఫీసు లేదు, అమ్మ ఫోను లేదు, పెళ్ళిచూపుల ఫొటోలు లేవు."

మే నెలలో ఆమెకి జ్వరం తగిలింది. పది రోజులు జ్వరం, ఇంకో పది రోజులు నీరసం. జావ తాగి, మంచం మీదే లాప్‌టాప్ పెట్టుకుని పని చేసింది. క్లాసు మానేసింది. ఆ నెల అంతా గదిలో ఆమె ఊపిరి కూడా నేనే లెక్కపెట్టాను.

జూన్‌లో పార్సిల్ వచ్చింది. విప్పితే నల్లటి బూట్లు. అడుగు భాగం చెక్కలాగా గట్టిగా, వంచితే వంగదు. దాని మధ్యలో ఇనప ముక్క బిగించి ఉంది.

"ఏందివి? గుర్రానికి లాడం కొట్టినట్టుంది!"

"సైకిలు బూట్లు. ముందు వరసలో ఉండేవాళ్ళందరికీ ఇయ్యే." వాటిని వేసుకుని హాల్లో నడిచింది. టైల్స్ మీద టక్కు టక్కుమని, మడమల మీద బాతు నడక. పాప చప్పట్లు కొట్టి వెనకాలే పాక్కుంటూ పోయింది.

"పాత బూట్లయితే పెడల్ మీద పెట్టి బెల్టు లాగి కట్టుకోవాలి," అంది మైథిలి. "అలిసిపోయినప్పుడు కాలు జారద్ది, వేగం పడిపోద్ది. వీటికి అట్టా కుదరదు. ఈ ఇనప ముక్కని క్లీట్ అంటారు, ఇది పెడల్లోకి దిగి పట్టుకుంటది. కిందికి తొక్కినా పనే, పైకి లాగినా పనే. కాలికి ఒక్క క్షణం కూడా రెస్టు ఉండదు."

అది ఆమె మురిసిపోతూ చెప్పిన మాట. నేను మాత్రం ఆ ఇనప ముక్క వైపే చూస్తూ అడిగాను.

"అట్టా పట్టుకుంటే మరి ఊడొచ్చేదెట్టా?"

"మడమ బయటికి తిప్పితే వచ్చేస్తది."

"రాకపోతే?"

"రాకపోతే వన్ నాట్ ఎయిట్‌కి ఫోన్ చేస్తాలే!"

సోఫాలో ఉన్న మా ఆయన పగలబడి నవ్వాడు. "బూట్లు దానియ్యి, చెమటలు నీకు పట్టినయ్యి ఉమా."

ఆ ఆదివారం స్టూడియోలో తొంభై నిమిషాల ప్రత్యేక క్లాసు ఉంది. కొత్త బూట్లతో నేరుగా దానికే పేరు ఇచ్చింది. జ్వరం పడి లేచావు, పాత బూట్లతోనే వారం పది రోజులు తొక్కి చూడమన్నాను. "పాతవి వేసుకుంటే మళ్ళీ వెనక వరసే వదినా. అంత భయమైతే నువ్వూ రా, అద్దంలోంచి చూద్దువుగాని," అంది. నేను పాపని ఎత్తుకుని వెళ్ళాను.

బయట నలభై అయిదు డిగ్రీలు. లోపల ఏసీ సరిగ్గా చల్లబరచడం లేదని మూలకి రెండు పెద్ద ఫ్యాన్లు పెట్టారు. అద్దం గోడ ఇవతల బెంచీ మీద కూర్చుని చూశాను. ముందు వరసలో మైథిలి. కోచ్ మైకులో "ఔర్! ఔర్! పుల్! పుల్!" అని అరుస్తున్నాడు. నలభై అయిదు నిమిషాలకి ఆమె నీళ్ళ సీసా ఖాళీ అయింది. తెచ్చి ఇస్తానని అద్దం మీద కొట్టాను. తల అడ్డంగా ఊపింది. వెనక వరసలో మామూలు బూట్లవాళ్ళు కాళ్ళు జారి, ఆగి, నవ్వుకుని మళ్ళీ మొదలుపెడుతున్నారు. మైథిలి పాదాలు మాత్రం ఆగలేదు.

క్లాసు అయ్యాక అందరూ దిగారు. ఆమె దిగలేదు. లోపలికి వెళ్ళాను. హ్యాండిల్ మీద తల వాల్చి నవ్వుతోంది.

"వదినా, మడమ తిరగట్లా. కాళ్ళు నా మాట వినట్లా."

పాపని నేల మీద కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద వంగి, రెండు చేతులతో ఒక్కో మడమా పట్టి తిప్పి ఊడదీశాను. ఆమె పిక్కలు నా చేతుల్లో అదురుతున్నాయి. మెట్లు కూర్చుని కూర్చుని దిగింది. కోచ్ పైనుంచి అరిచాడు: "క్లీట్స్ మే పెహలీ రైడ్, సీధే నైంటీ మినిట్స్! కల్ దర్ద్ హోగా, పర్సోం భూల్ జావోగీ!"

మొదటిసారే తొంభై నిమిషాలు, రేపు నొప్పి, ఎల్లుండికి మర్చిపోతావు. ఆ లెక్క మేమిద్దరం నమ్మాం.

సోమవారం తెల్లారి మా ఆయన ఆఫీసు పని మీద లక్నో వెళ్ళాడు. మైథిలి తొడలు వాచి, ముట్టుకుంటే రాయిలా ఉన్నాయి. నొప్పి బిళ్ళలు పూటకి రెండు వేసుకుంది. మంగళవారం పొద్దున బాత్రూము తలుపు పట్టుకుని నిలబడి పిలిచింది.

"వదినా, ఒకసారి రా. యూరిన్ చూడు, టీ డికాషన్‌లాగుంది."

వెళ్ళి చూశాను. నిజంగానే డికాషన్ రంగు.

"వాంతొచ్చినట్టు ఉందా?"

"ఉంది. అన్నం వాసన కూడా పడట్లా. హాస్పిటల్‌కి పోదామా?"

ఆమే అడిగింది. ఆ మాట నేను ఎక్కడా దాచను. పాప రెండుసార్లు తుమ్మితే ఆటో ఎక్కే నేను, ఆ పొద్దున మాత్రం నింపాదిగా చేతులు కడుక్కుని, "హాస్పిటల్ ఎందుకు, ఇవి కామెర్లు. జ్వరం పోయి కామెర్లు తేలినయ్యి. నాకు తెలుసు," అన్నాను.

మా అమ్మ వాళ్ళ నాన్న, చెన్నకేశవులు తాతయ్య, కామెర్లకి ఆకుమందు ఇస్తాడు. చుట్టుపక్కల నాలుగు మండలాల నుంచి ఆదివారం పూట మా వసారాలోకి జనం వచ్చేవాళ్ళు. నేల ఉసిరి పీకడం, నీడలో ఎండబెట్టడం, దంచడం, పలచటి గుడ్డలో వస్త్రగాలితం పట్టడం చిన్నప్పటి నుంచి నా పని. ఎవరు వచ్చినా తాతయ్య అడిగే నాలుగు ప్రశ్నలు నాకు నోటికి వచ్చు. పెళ్ళై వస్తూ తెచ్చుకున్న పొడి డబ్బా ఇక్కడ నా అల్మరాలో ఉంది. ఈ ఊళ్ళో, ఈ ఇంట్లో, వాళ్ళిద్దరికీ తెలియనిది నాకు తెలిసినది అదొక్కటే.

తాతయ్యకి ఫోన్ చేశాను. ఆకలి లేదన్నాను, వికారం ఉందన్నాను, రంగు చెప్పాను.

"కళ్ళు పచ్చగా ఉండాయా అమ్మాయ్?"

మైథిలిని కిటికీ దగ్గరికి తీసుకొచ్చి కింది రెప్ప లాగి చూశాను. ఒక పక్కకి తిప్పితే పచ్చగా అనిపించింది. ఇంకో పక్కకి తిప్పితే లేదు.

"ఉన్నాయి తాతయ్యా," అన్నాను.

అప్పుడు నాకు కొంచెం కూడా భయం వేయలేదు.

తాతయ్య మందుకి పథ్యం గట్టిది. పరగడుపున మజ్జిగలో పొడి. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నీళ్ళు ముట్టకూడదు. తర్వాత ఉప్పు లేని మజ్జిగన్నం. ఇంగ్లీషు మందు వేస్తే ఆకు గుణం పోతుంది కాబట్టి అదీ కూడదు. నొప్పి బిళ్ళలు తీసి పైన పెట్టేశాను. ఆ బిళ్ళలు కిడ్నీలకి చేటని, ఆపడం మంచిదైందని తర్వాత డాక్టరు అన్నాడు. మంచిదని తెలిసి చేసింది కాదు.

మైథిలి మొదటి రోజు నవ్వుతూనే తాగింది. "చేదు బాబోయ్! ఎంబీయే చదివి ఆకులు మేస్తన్నా. ఎవరికీ చెప్పబాక వదినా."

రెండో రోజు నవ్వలేదు. పది గంటలకి వంటింటి గుమ్మంలోకి గోడ పట్టుకుని వచ్చింది.

"వదినా, నాలిక పిడచకట్టుకుపోతంది. ఒక్క గుక్క."

"ఇంకా రెండు గంటలు ఆగు."

"ఒక్క గుక్క వదినా."

"గంటన్నర ఆ సైకిలు తొక్కినదానివి, రెండు గంటలు దాహం ఆపుకోలేవా?" అన్నాను. ఎత్తిపొడుపే. అన్నేళ్ళు నన్ను ఆటపట్టించిన మనిషి నా దగ్గర చేయి చాచి నిలబడితే నాకు లోపల ఎక్కడో బాగుంది. అది కూడా రాస్తున్నాను.

ఆమె కుళాయి వైపు చూసింది. తిప్పుకుని తాగవచ్చు. తాగలేదు. నా మాట మీద నమ్మకంతో వెనక్కి వెళ్ళి పడుకుంది.

ఆ రోజు ఒక్కసారే బాత్రూముకి వెళ్ళింది. మందు పట్టిందనుకున్నాను. మా ఆయన ఫోన్ చేస్తే, "కామెర్లు, తాతయ్య మందు ఇస్తన్నా, తగ్గుతున్నాయి," అని చెప్పాను. "అబ్బో, మా ఇంటికి డాక్టరమ్మ వచ్చింది!" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాటకి నవ్వుకుంటూనే ఉన్నాను.

గురువారం పొద్దున ఆమె ముఖం ఉబ్బి కళ్ళు గీతల్లా అయ్యాయి. మజ్జిగ తాగినట్టే తాగి కక్కేసింది. పేరు పెట్టి పిలిస్తే ఆలస్యంగా పలికింది. అప్పుడు వచ్చింది నాకు భయం. పాపని చంకన వేసుకుని నేను చెప్పులు వెతుక్కుంటుండగానే మా ఆయన సూట్‌కేసుతో తలుపు తీశాడు. చెల్లెల్ని చూసి సూట్‌కేసు అక్కడే వదిలేశాడు.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు ఆమె కింది రెప్పలు లాగి చూశాడు. "కామెర్లని ఎవరు చెప్పారు? కళ్ళు తెల్లగా ఉన్నాయి కదా," అన్నాడు హిందీలో. తొడలు నొక్కి చూసి, వెంటనే అడిగాడు: "జిమ్‌కి వెళ్ళిందా?"

మా ఆయన నా వైపు చూశాడు. సైకిలు సంగతి చెప్పాను, కొత్త బూట్ల సంగతి చెప్పాను. డాక్టరు తల ఊపాడు. అలవాటు తప్పిన ఒళ్ళు ఒక్కసారిగా అంత పని చేస్తే కండ చితికి రక్తంలో కలుస్తుందట. అది మూత్రపిండాల్లో పేరుకుపోతుందట. డికాషన్ రంగు దానిదట.

"మొదటి రోజే తీసుకొచ్చి ఉంటే సీసాలకి సీసాలు సెలైన్ పెట్టి కడిగేసేవాళ్ళం. దీనికి మందు నీళ్ళే. ఈ మూడు రోజులు నీళ్ళు ఎన్ని తాగింది?"

నా నోరు తెరుచుకుంది. మంచం మీద నుంచి మైథిలి గొంతు వచ్చింది, గరగరమని.

"నేనే తాగలా. వాంతొస్తదని నేనే తాగలా."

నన్ను చూడలేదు. గోడ వైపు చూస్తూ చెప్పింది. డాక్టరు రాసుకున్నాడు. మా ఆయన చెల్లెలి నుదురు మీద చేయి పెట్టి, "పిచ్చిదానా, నీళ్ళు తాగొద్దా," అని ఏడ్చాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రమే డయాలిసిస్ మొదలుపెట్టారు. రెండు వారాల్లో కిడ్నీలు తేరుకుంటాయన్నారు. తర్వాత ఆరు వారాలన్నారు. ఆగస్టు వచ్చేసరికి, వారానికి రెండుసార్లు వస్తూ ఉండండి, చూద్దాం అన్నారు. ఇప్పుడు ఆమెకి రోజంతటికీ ముప్పావు లీటరు నీళ్ళు. అంతకు మించితే కిడ్నీలు బయటికి పంపలేవు, ఒంట్లోనే నిలిచి వాపు వస్తుంది. మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఆ నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇచ్చే పని నాకు పడింది. పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి సగం. ఆమె తీసుకునేది, తాగేది, ఒక్క మాట మాట్లాడేది కాదు. వన్ నాట్ ఎయిట్ అని పిలవడం మానేసింది. వదినా అనడం కూడా తగ్గిపోయింది.

సెప్టెంబరులో ఒక పొద్దున బట్టలు సర్దుకుంది. మయూర్ విహార్‌లో ఆఫీసు స్నేహితురాలు ఖాళీ చేస్తున్న గది ఉందని, ఆస్పత్రి దగ్గరని మా ఆయనకి చెప్పింది. ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి టాక్సీ పిలవడానికి కిందికి దిగాడు. అప్పుడు నేను ఆమె గదిలోకి వెళ్ళాను.

"మీ అన్నకి నేనే చెప్తా మైథిలీ. నీళ్ళు ఇవ్వంది నేనని చెప్తా."

"చెప్పి?"

నేను సూట్‌కేసు పక్కన నేల మీద కూర్చున్నాను.

"చెప్తే నా కిడ్నీలు వస్తయ్యా? ఇషూకి తల్లి కావాలి. అన్నకి భార్య కావాలి. ఊరుకో." సూట్‌కేసు జిప్పు లాగింది. సగంలో ఇరుక్కుంటే వదిలేసింది. "నాకు కోపం లేదు వదినా. నువ్వు కావాలని చేశావని నేను ఒక్కరోజు కూడా అనుకోలా. కానీ నువ్వు గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వస్తే నాకు ఒళ్ళు వణుకుద్ది. రోజుకి మూడుసార్లు. ఎన్నాళ్ళు తట్టుకోను?"

కింద టాక్సీ హారను కొట్టింది. ఇరుక్కున్న జిప్పు నేను సరిచేసి పూర్తిగా లాగాను. అంతకంటే చేయగలిగింది నాకు కనిపించలేదు.

ఇప్పుడు నవంబరు. తలుపులు బిగించినా పొగ ఇంట్లోకి వస్తోంది. మా ఆయన ప్రతి ఆదివారం చెల్లెలి దగ్గరికి వెళ్ళి వస్తాడు. "బాగానే ఉన్నానంది," అంటాడు. తన దగ్గర ఎందుకు ఉండలేకపోయిందో ఆయనకి తెలియదు. తనే ఏదో తప్పు చేశానని, లక్నో వెళ్ళకుండా ఉండాల్సిందని కుమిలిపోతాడు. ఆయనకి నేను ఇంకా చెప్పలేదు. ఇది అచ్చయి ఆయన చేతిలో పడేలోపు నా నోటితోనే చెప్పాలి.

ఆస్పత్రి కాగితాల్లో ఫోన్ నంబరు నాదే ఉండిపోయింది. ఈ నెలలో రెండుసార్లు వాళ్ళే ఫోన్ చేశారు, పేషెంటు రాలేదు అని. మా ఆయన అడిగితే, తేదీ మార్చుకున్నానని చెప్పిందట. నేను పాపని తీసుకుని ఆమె గదికి వెళ్ళాను. గొలుసు తీయకుండా తలుపు కొంచెం తెరిచింది. చీకట్లో సగం ముఖమే కనిపించింది. పాపని చూసి వేలు బయటికి పెట్టింది, పాప పట్టుకుంది. "బాగానే ఉన్నా వదినా, పో," అంది. ఆ వేలు లావుగా ఉంది. నాకు అలా అనిపించిందో, నిజంగా ఉందో. నా కళ్ళని నేను నమ్మే రోజులు అయిపోయాయి.

మీలో ఎవరైనా మయూర్ విహార్ వైపు ఉంటే, మెట్రో స్టేషను వెనక సర్కారు కట్టించిన పాత డీడీఏ ఫ్లాట్లలో రెండో అంతస్తు, తెలుగమ్మాయి మైథిలి అని అడగండి. పొరుగున ఉన్న తెలుగువాళ్ళమని చెప్పి తలుపు కొట్టండి. లైటు వేయించండి. ముఖం చూడండి, పాదాలు చూడండి. వాపు ఉందేమో వేలితో నొక్కి చూడండి. మొన్న మంగళవారం డయాలిసిస్‌కి వెళ్ళిందో లేదో అడగండి. బాగానే ఉన్నానంటుంది. ఆ మాట విని వెనక్కి తిరగకండి, టాక్సీ పిలిచి పక్కన కూర్చుని తీసుకెళ్ళండి. నేను పంపానని మాత్రం చెప్పకండి.